ఉప్పు కరిచిన మూత

మా అక్క మొగుడు వేటకెళ్ళే రోజుల్లో అతని బోటు చప్పుడు వినగానే చేపలు వరస కట్టి వచ్చేవని ఉక్కునగరం క్యాంటీనులో అందరికీ చెప్పేవాణ్ని. టోకెన్లు కూడా తీసుకునేవా అని ఒకాయన అడిగితే, తీసుకునేవన్నాను. ఇప్పుడు చెప్పే ఈ సంగతిలో మాత్రం నేను కలిపిందేమీ లేదు. కలపడానికి చోటు దొరకలేదు.

మోకాలు అరిగిపోయి బావ సముద్రం మానేశాక ఒక పాత డీజిల్ వ్యాను కొనుక్కున్నాడు. పొద్దున్నే హార్బరులో, అక్క ముందురోజే చెప్పి ఉంచిన ఐసు మీద చేపలు ఎక్కించుకుని మద్దిలపాలెంలో కొన్ని దింపి, మిగతావి మా క్వార్టర్ల దాకా తెచ్చేవాడు. ఆ బండిని తయారుచేసినవాళ్ళు కూడా దాన్ని మరిచిపోయి ఉంటారు. బావ మాత్రం దానికి రోజూ దండం పెట్టి తాళం తిప్పేవాడు.

ఒక వేసవిలో ఇంజను మరిగిపోయి ఆగింది. మర్నాడు నేను షిఫ్టు దిగి వెళ్ళేసరికి బండి పాత ఊళ్ళో మెకానిక్ భాయ్ షెడ్డు ముందు నోరు తెరుచుకుని ఉంది. భాయ్ బావకి ఈడువాడే. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోకుండా టీ తాగరు. ఇంజను వేడెక్కాక నీళ్ళను రేడియేటరులోకి వదిలే చిన్న తలుపు లాంటిది ఒకటుంటుంది, థర్మోస్టాట్ అంటారు. అది తెరుచుకోవడం మానేసింది. తీసేస్తే సరిపోయేది. కానీ దాన్ని కప్పి ఉన్న అల్యూమినియం మూత రావడం లేదు. బోల్టులు రెండూ ఊడాయి. ముందురోజంతా కిరోసిన్‌ పోసి నానబెట్టినా మూత ఇంజనుకే అతుక్కుని ఉంది.

భాయ్ మూత అంచున తెల్లగా పొడి కట్టినదాన్ని గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాడు.

"ఉప్పు! ఏటి పోస్తన్నావు ఇందులో?"

"నీళ్ళే."

"ఏ నీళ్ళు?"

బావ సముద్రం ఉన్న వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"రుషికొండ రోడ్డులో వేడెక్కిపోనాది. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని కుళాయి ఎతుక్కుంటానేటి? బోటింజను జల్మంతా ఆ నీళ్ళే తాగింది. అదీ డీజిలే, ఇదీ డీజిలే."

"యా అల్లా! అది తాగినవి తాగినట్టు బయటికి ఒదిలేస్తాది. ఇది కడుపులోనే దాసుకుంటాది కదేటి!"

"ఉప్పు సరిపోయిందేటి బావా?" అన్నాను నేను. "కొంచెం కారం, సింతపండు కూడా ఏసుంటే పులుసు దిగిపోను."

"నువ్వు నోరుముయ్యెహె."

భాయ్ నవ్వలేదు. "ఈ మూత పగిల్తే ఇంకోటి దొరకదు. పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. పగిలిందంటే బండిని తుక్కుకి తోలేసుకోవాల," అన్నాడు. బావ మోకాలు నిమురుకున్నాడు. ఆ కాలుతో ఇక బోటెక్కలేడని ముగ్గురికీ తెలుసు.

భాయ్ ఉలి ఆనించి సుత్తితో ఒక దెబ్బ వేశాడు. లోహం మోగలేదు, పచ్చికుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలికింది. రెండో దెబ్బకి చెయ్యెత్తేలోపే బావ అతని మణికట్టు పట్టేసుకున్నాడు.

"కొట్టకు భాయ్."

"మరేటి సెయ్మంటావు? బతిమాలమంటావా?"

"లంగరు రాతిలో ఇరుక్కుంటే సుత్తెట్టుకుని దిగుతామేటి? తిన్నగా లాగినా తాడు తెగుద్ది. బోటుని దాని సుట్టూ తిప్పుతా ఒకోపక్క నించి లాగాల. ఎటేపు దూరిందో అటేపే వస్తాది."

భాయ్ కాసేపు అతన్నీ మూతనీ మార్చి మార్చి చూసి, ఉలి కింద పెట్టేశాడు. బావ వ్యానులోంచి సన్నటి నైలాను తాడు తెచ్చి మూత మెడకి ఉచ్చు బిగించి, రెండు కొసలు వదిలాడు. ఒక కొస తను పట్టుకున్నాడు. వెనక వైపుకి లాగడానికి వ్యాను ముందద్దం అడ్డమొస్తుంది గనక రెండో కొస నాకిచ్చి వ్యాను పైకెక్కించాడు. "ఊపకు. బరువు మాత్రం ఉంచు. నాను సెప్పినప్పుడు ఒదులు," అన్నాడు.

భాయ్ కెటిల్‌లో మరిగిన నీళ్ళు మూత మీద సన్నటి ధారగా పోస్తూ, చెక్కసుత్తితో చుట్టూ తలుపు తట్టినంత మెల్లగా తడుతున్నాడు. బావ కుంటుకుంటూ బానెట్ ముందు ఆ పక్కకీ ఈ పక్కకీ తిరుగుతున్నాడు. ఎడమ పక్క నుంచి కాసేపు, ముందు నుంచి కాసేపు, కుడి పక్క నుంచి కాసేపు, తర్వాత నేను. మళ్ళీ మొదటి నుంచి. ఎవరూ గట్టిగా లాగడం లేదు. పోర్టు క్రేన్ల మోత వినిపిస్తూనే ఉంది గానీ, మా ముగ్గురి మధ్య మాత్రం చంటిబిడ్డ నిద్రపోతున్న గదిలా ఉంది. భాయ్ నోట్లో బీడీ ఎప్పుడు ఆరిపోయిందో అతనికే తెలియదు.

అప్పుడు తాడులో ఏదో కదిలింది. చప్పుడు లేదు, కంటికీ ఏమీ కనబడలేదు. గాలం దారాన్ని చేప ముట్టి చూసినట్టు, అరచేతిలో చిన్న వణుకు. నేను నోరు తెరిచేలోపే బావ అన్నాడు, "తెలిసింది. ఒదులు."

వదిలాను. అతను కుడి పక్కకి వచ్చి మోచెయ్యి మాత్రం వంచాడు. ఇసక మీద అల వెనక్కి పోతున్నప్పుడు వచ్చే శబ్దం లాంటిది వచ్చి, మూత పక్కకి ఒరిగింది.

వ్యాను మీద నుంచి దిగి చూశాను. ఇంజను గొంతు నిండా తెల్లటి ఉప్పు. ముద్దగా కాదు, పువ్వులు పూసింది. రేకు మీద రేకు, అద్దం ముక్కల్లాంటి అంచులు, వాటి మధ్య తుప్పు ఎర్రటి జీరలు. ఆ చిన్న తలుపు ఎక్కడుందో కనబడనే లేదు. కొలిమిలో ఇనుము నీళ్ళవడం రోజూ చూసేవాణ్ని, అయినా ఆ గొట్టం మీదికి ముఖం వంచాను. దోసిలి పట్టేంత చోటులో, వెలుతురు లేకుండా, చూసేవాడు లేకుండా, సముద్రం తన పని తాను చేసుకుపోయింది.

"సుభానల్లా," అన్నాడు భాయ్ మెల్లగా. గోకడానికి తీసిన ఇనప రేకు అతని చేతిలో చాలాసేపు అలాగే ఉండిపోయింది.

బావ మాత్రం అటు చూడలేదు. మూతని లుంగీతో తుడిచి, వలలో చిరుగు వెతికినట్టు కళ్ళు మూసుకుని బొటనవేలితో అంచంతా తడిమాడు. బోల్టులు దిగే రెండు చెవుల దగ్గర వేలు ఆగింది, దాటింది, మళ్ళీ వెనక్కి వెళ్ళి దాటింది. తర్వాత నేల మీద కూలబడి, జేబులోంచి ఫోను తీసి మా అక్కకి చేశాడు.

"వచ్చింది," అన్నాడు. "లేదు, ఎక్కడా పగల్లేదు." కాసేపు విన్నాడు.

"రేపటికి ఐసు సెప్పు."