మామయ్య కారు వెనక దీపాలు

మా మామయ్య టైలరు. ఎవరి ప్యాంటయినా వంక లేకుండా కుడతాడు, తన బుర్రకే కుట్లు వదులు. మా తాత మూలన పడేసిన పాత కారును బాగుచేయించి, సీట్లకు తెల్ల కవర్లు తొడిగాడు. అందులో అత్తయ్య ఎక్కకూడదు. ఆమె తెచ్చే క్యారియర్‌లోని కూర వాసన సీట్లకు అంటుతుందట. అందుకని రోజూ ఆయన కారులో ముందు, ఆమె స్కూటర్ మీద వెనక, ఇద్దరూ వెళ్లేది ఒకే షాపుకు. ఆయనకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆమే. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మొన్న వెనక దీపాల మీద పడ్డాడు. విప్పితే లోపల చచ్చిన బొద్దింకలు, తుప్పు, బురద. అవన్నీ వంటింటి సింకులోనే కడిగాడు. ఎర్ర అద్దాలకు టూత్‌పేస్టు రాసి రుద్దాడు, అదీ ఇంట్లోవాళ్ల బ్రష్షుతో. ఎవరిదో నేను అడగలేదు. ఆ పూట అన్నం సయించలేదు. అద్దాలు మాత్రం దానిమ్మ గింజల్లా మెరిశాయి, ఒప్పుకోవాలి.

అక్కడితో ఆగితే ఆయన మామయ్య ఎందుకవుతాడు? పాత బల్బు మామూలుగా మసగ్గా వెలిగేది, బ్రేకు నొక్కితే భగ్గుమనేది. దాన్ని పీకేసి ఎల్‌ఈడీ పెట్టి, రెండు తీగలూ కలిపి చుట్టేశాడు. ఇక ఎప్పుడూ ఒకటే వెలుగు. బ్రేకు వేశాడో లేదో వెనకవాళ్లకు తెలిసే దారే లేదు. వెనక వచ్చేది అత్తయ్యేనని గుర్తుచేశాను.

"కాలేజీ సగంలో వదిలేసినోడివి, నాకు కరెంటు పాఠాలు చెప్తావురా?" అన్నాడు.

ఆ వారంలోనే కుక్క అడ్డమొచ్చి బ్రేకు వేశాడు. అత్తయ్య స్కూటర్ తిన్నగా వచ్చి కుడివైపు దీపాన్ని గుద్దింది. కారు వెనక సీట్లో నేనే ఉన్నాను. ఆమె మోకాలు చీరుకుపోయింది, కూర రోడ్డుపాలైంది. మామయ్య పరుగున దిగొచ్చి, వంగి, ఎర్ర అద్దం ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. గమ్ము పెడితే అతుక్కుంటాయేమో అని గొణిగాడు కూడా.

అత్తయ్య లేచింది. కుంటుకుంటూ వెళ్లి, రక్తం కారుతున్న కాలుతోనే డ్రైవర్ సీటు తెల్ల కవరు మీద కూర్చుంది. మూత ఊడిన క్యారియర్‌ను పక్క సీట్లో పెట్టుకుంది.

"రేపట్నుంచి కారు నేను తీస్తాను. మీరు స్కూటర్ మీద వెనక రండి."

సాయంత్రానికల్లా మామయ్య పాత బల్బులు వెతికి బిగించాడు, తీగలు విడదీశాడు. నన్ను లోపల కూర్చోబెట్టి తను వెనక నిలబడ్డాడు.

"నొక్కరా. మళ్లీ నొక్కు. సరిగ్గా కనబడాలి కదరా, వెనక వచ్చేది నేను."