మల్యాల దాటకముందే రాసిన వాంగ్మూలం

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాత వచ్చిన రెండో ఎండాకాలం. అప్పుడు నేను జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలకు కలిపి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌ని. ఆఫీసు జగిత్యాలలో, కాపురం కోరుట్లలో. నా కింద పెద్ద సిబ్బంది ఉండేదని, నా జీపు సిరిసిల్లలో అడుగుపెడితే మరమగ్గాల షెడ్లన్నీ గప్‌చుప్ అయిపోయేవని ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటుంటాను. నిజానికి సిబ్బంది ఇద్దరే, ఒక జూనియర్ అసిస్టెంటు, ఒక అటెండరు. జీపు కిరాయిది, దాని హారన్ కూడా సరిగా మోగేది కాదు. మగ్గాలు ఆగేది కరెంటు పోయినప్పుడే.

ఈ పని ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. తిరిగే బెల్టుకు, చక్రానికి యజమాని ఇనుప జాలీ తొడుగు వేయించాలి. దాన్ని మేం గార్డు అంటాం. యంత్రం పక్కన పనిచేసేవాళ్ళ ఒంటిమీద వేలాడే బట్ట ఉండకూడదు. ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూస్తాడు, పనివాళ్ళ వాంగ్మూలం రాసుకుంటాడు, లోపం కనిపిస్తే నోటీసు ఇస్తాడు. నోటీసు పుస్తకంలో ప్రతి పేజీకి నంబరు, మూడేసి ప్రతులు ఉంటాయి. ఒకటి యజమానికి, ఒకటి పై అధికారికి, ఒకటి పుస్తకంలోనే. పేజీ చించి పారేయడానికి వీల్లేదు. రాసింది తప్పయితే ప్రతులన్నీ వెనక్కి తీసుకుని, అడ్డంగా గీత కొట్టి, కారణం రాసి సంతకం పెట్టాలి.

ఆ ఎండాకాలంలోనే ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. సిరిసిల్లలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఒక యూనిట్ మీద ఫిర్యాదు. అక్కడ కొందరు ముస్లిం ఆడవాళ్ళు తలకు గుడ్డ చుట్టుకుని మిషన్ల మీద కూర్చుంటున్నారట. అది ప్రాణాపాయమట. ఇంట్లో మగవాళ్ళ బలవంతం వల్ల వాళ్ళు తీయలేకపోతున్నారట. దయగల అధికారులు వాళ్ళకు విముక్తి కలిగించాలట. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆడవాళ్ళ మీద ఇంత దయ ఉన్న మనిషి పేరెందుకు దాచుకున్నాడని ఏ ఇన్‌స్పెక్టరుకైనా ముందు అనుమానం రావాలి. నాకు రాలేదు. నా అనుమానం అప్పటికే ఇంకో దిక్కు పట్టింది.

కోరుట్లలో మా ఇంటి ఎదురు వరుసంతా ముస్లిం కుటుంబాలే. ఏళ్ళ తరబడి రంజాన్‌కు వాళ్ళ సేమ్యా తిన్నవాణ్ణి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు తల కప్పుకుని బయటికి వస్తుంటే, దీని వెనక ఏ మగవాడి హుకుం ఉందో అనుకునేవాణ్ణి. ఒక్కరినీ అడిగింది లేదు. అడగకుండానే ఖాయం చేసుకున్నాను.

మర్నాడు పొద్దున జీపులో బయలుదేరాం. నాకొక పాత అలవాటు ఉండేది. ఒకే ఫిర్యాదు మీద పదిమంది చెప్పేది ఒకేలా ఉంటుంది కాబట్టి, వాంగ్మూలం ముందే రాసి, పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలేవాణ్ణి. ఆ రోజూ అదే చేశాను. "నా భర్త మరియు అత్తమామల ఒత్తిడి వలన, నా ఇష్టమునకు విరుద్ధముగా తలగుడ్డ ధరించి పనిచేయుచున్నాను. అధికారి గారు దీనిని తొలగింపజేయవలసినదిగా కోరుచున్నాను." గుంతల రోడ్డు మీద అక్షరాలు వంకరపోయాయి గానీ, మల్యాల దాటకముందే వాంగ్మూలం పూర్తయింది. అది చెప్పవలసిన మనిషి అప్పటికి సిరిసిల్లలో పనికి తయారవుతూ ఉంటుంది. ఆమె ముఖం కూడా నేను చూడలేదు.

యూనిట్ యజమాని పేరు రాజేశం అనుకోండి. పేర్లన్నీ మార్చాను. ఇంతకుముందు మగ్గాలు నడిపినవాడు, తర్వాత కుట్టు మిషన్లు పెట్టాడు. మేం గేటు దగ్గర దిగేసరికి ముస్తాబాద్ వైపు నుంచి వచ్చిన ఆటోలోంచి అమ్మాయిలు దిగుతున్నారు. ఎండకూ దుమ్ముకూ అందరూ చున్నీలు ముఖాలకు చుట్టుకున్నారు, కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. నాకు ఏ అనుమానమూ కలగలేదు. పక్కకు తప్పుకుని దారిచ్చాను.

రాజేశం నన్ను తన గదిలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"పోయిన వారం ఓ పిల్ల గుడ్డ బెల్టుల వడ్డది సార్. మెడ గీరుకపోయింది. జర్రంతల తప్పింది," అన్నాడు. "గందుకే షాహీన్‌కు చెప్పిన, తలమీద గుడ్డ తీస్తె తియ్యి, లేకుంటె రేపటి సంది రాకు అని. ఇంటలేదు. మతం సంగతి గదా, గట్టిగ అనరాదు. మీరు ఓ కాయితం ఇస్తె నా నోరు బందైతది."

బెల్టులో పడ్డది ఎవరి గుడ్డ అని నేను అడగలేదు. చాయ్ తాగుతూనే నోటీసు పుస్తకం తెరిచి, తలకు గుడ్డ ధరించినవారిని యంత్రాల వద్ద పనిలో ఉంచరాదని రాసి, అతని ప్రతి అతని చేతికిచ్చాను. ముందు వాంగ్మూలం, తర్వాత తనిఖీ, ఆ తర్వాత నోటీసు. పద్ధతి అది. నేను వెనక నుంచి మొదలుపెట్టాను.

వాంగ్మూలం తీసుకునేటప్పుడు యజమాని వినపడేంత దూరంలో ఉండకూడదు. అందుకని రాజేశాన్ని బయటికి పంపాను. షాహీన్ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె వెనకే భర్త యూసుఫ్, ఆటో నడుపుతాడు. రాజేశమే పిలిపించాడట. అతణ్ణి కూడా పంపించవలసింది, కానీ ఉండనిచ్చాను. భార్య మాట్లాడుతుంటే అతని ముఖం ఎలా మారుతుందో చూద్దామని నా ఎత్తు.

ఉర్దూలో మొదలుపెట్టాను. నా ఉర్దూకు కోరుట్ల బజారులో మంచి పేరుందని చెప్పుకునేవాణ్ణి. ఆమె కాసేపు విని, "తెలుగుల మాట్లాడున్రి సార్. మీ ఉర్దూ నాకు సమజైతలేదు," అంది.

"బిడ్డా, భయపడకు. నీ తరఫున అంతా రాసి తెచ్చిన. ఇక్కడ సంతకం పెట్టు," అని కాగితం జరిపాను.

ఆమెకు తెలుగు చదవడం రాదనుకున్నాను. ఆమె కోరుట్లలో తెలుగు మీడియం బడిలో పది దాకా చదివింది. కాగితం చేతిలోకి తీసుకుని, అక్షరం వదలకుండా చదివింది. తర్వాత భర్త వైపు తిరిగి, "ఇగో, నువ్వు నన్ను బలవంతం జేత్తున్నవట," అంది.

యూసుఫ్ తల పట్టుకున్నాడు. "నేనా? రెండు రోజుల సంది తియ్యి తియ్యి అని నేనే మొత్తుకుంటున్న సార్. పని పోతె ఎట్ల? పిల్లల ఫీజు ఎట్ల? ఇది ఇంటదా?"

నాటకమనుకున్నాను. ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకుని వచ్చారనుకున్నాను. అతణ్ణి బయటికి పంపి తలుపు దగ్గరికి వేసి, "ఇప్పుడు చెప్పు బిడ్డా, ఎవరు కట్టుకొమ్మన్నరు?" అని మళ్ళీ అడిగాను.

"ఎవ్వరు అనలే సార్. మా అమ్మ కట్టుకోలే, మా అత్త కట్టుకోదు. పెద్ద పిల్ల పుట్టినంక నాకు కట్టుకోబుద్ధయింది, కట్టుకున్న. నాకు మంచిగనిపిస్తది. దీనికి సంతకం గావాల్నా?" కాగితం నా వైపు తోసింది. "మా వరుసల కుట్టే లావణ్య పొద్దుగాల మొఖం మొత్తం కట్టుకొని అస్తది. మీరు గేటుకాడ జూసిండ్రు గదా. ఆమెను అడిగిండ్రా, ఎవరు కట్టుమన్నరని?"

"అది ఎండకు."

"ఎండకని మీకెట్ల తెలుసు? అడగకుంటనే తెలిసింది. నాది గూడ అడగకుంటనే తెలిసింది." మిషన్ల వైపు చేయి చూపించి అంది, "బెల్టుల వడ్డది లావణ్య చున్నీ సార్. నా గుడ్డ కాదు. ముందుగాల గా బెల్టు జూడున్రి, నా తలకాయ తర్వాత జూడొచ్చు."

ఇన్నేళ్ళ సర్వీసులో ఒక కార్మికురాలు నన్ను తనిఖీకి పంపడం అదొక్కసారే.

లోపలికి వెళ్ళాం. ఎడమ గోడ వెంబడి కొత్త మిషన్లు, వాటిలో మోటారు లోపలే ఉంటుంది. కుడి వరుసలో పాతవి. వాటి మోటారు బల్ల కింద, బెల్టు కుట్టేవాళ్ళ మోచేతి పక్క నుంచే పైకి వస్తుంది. ఆ వరుసలో ఒక్క బెల్టుకూ గార్డు లేదు. షాహీన్ తలగుడ్డ గడ్డం కింద పిన్ను పెట్టి, కొసలు పనిలో వేసుకునే కోటు లోపలికి దోపి ఉంది. బెల్టు దాకా వెళ్ళే కొస ఏదీ లేదు. లావణ్య మెడ మీద గీరిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఆ రోజు ఆమె చున్నీ నడుముకు కట్టుకుంది. "సేటు అప్పటి సంది చున్నీ ఇట్ల కట్టుకొమ్మన్నడు సార్. గార్డు అడిగితె ఆర్డరు అయినంక జూద్దమన్నడు," అంది.

బల్ల మీద కటింగ్ రిజిస్టరు తెరిచి ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరివని అడిగితే, "మా గుమస్తావి సార్, మంచిగ రాస్తడు," అని రాజేశం సంబరంగా చెప్పాడు. తర్వాత నా ముఖం చూసి ఆగిపోయాడు. గార్డు లేదని కేసు కాకుండా ఉండాలంటే, ప్రమాదం తలగుడ్డది కావాలి. అది అధికారి చేతి మీదుగా రావాలి. అధికారి దాన్ని చాయ్ తాగుతూ రాసిచ్చాడు.

ఇంకొక సంగతి ఉంది. అదే వరుసలో జరీనా అని మరో అమ్మాయి, ఆమె తలకూ గుడ్డ ఉంది. ఈసారి కాగితం లేకుండా, ఎవరూ లేనిచోట అడిగాను. ఆమె గొంతు తగ్గించి, "నాకైతె ఇష్టం లేదు సార్. ఇంట్ల లొల్లి అయితదని కట్టుకుంట. గది మాత్రం రాయకున్రి. మీరు రాస్తె ఇంట్లకెల్లి పనికే రానియ్యరు," అంది. నేను జీపులో రాసిన వాంగ్మూలం ఆమె విషయంలో అక్షరాలా నిజం. దాన్ని వాడి ఉంటే షాహీన్ పని రాజేశం తీసేవాడు, జరీనా పని ఇంటివాళ్ళు మాన్పించేవాళ్ళు. ఆమె చెప్పింది రాయలేదు. ఈ జ్ఞాపకంలో కూడా ఆమె ఎవరో తెలిసే గుర్తేదీ ఉంచలేదు.

ఆ తర్వాత రాజేశం ముఖం మీదే నోటీసు చించి, పులిలా గర్జించానని చాలాచోట్ల చెప్పాను. చించలేదు. నంబరున్న పేజీ చించితే నా మీదే విచారణ వస్తుంది. గర్జించనూ లేదు. "రాజేశం, గా కాయితం ఓసారి ఇటియ్యి," అని బతిమాలాను. "ఇచ్చినంక మల్ల అడుగుతరా సార్?" అన్నాడు. గుమస్తాను కూడా పిలుద్దామా అన్నాక ఇచ్చాడు. మూడు ప్రతుల మీదా గీత కొట్టి, తర్వాతి పేజీలో కుడి వరుస బెల్టులన్నింటికీ గార్డులు వేయించాలని, అంతవరకు ఆ వరుస నడపరాదని, ఎవరినీ పనిలోంచి తీయరాదని రాశాను. రద్దయిన పేజీలో కారణం దగ్గర "చేతి పొరపాటు" అని రాశాను. అది అబద్ధం. చేయి పొరపడలేదు.

రెండు వారాల తర్వాత మళ్ళీ తనిఖీకి వెళ్ళాను. గార్డులు వేసి ఉన్నాయి. షాహీన్ తన మిషన్ మీదే ఉంది. నన్ను చూసి లేవలేదు, కుట్టు ఆపలేదు.

ఇన్‌స్పెక్టరుకు అనుమానం అవసరం. కాని నేను దాన్ని ఆడవాళ్ళ తలల మీద పెట్టాను, యజమాని చాయ్ మీద పెట్టలేదు. ఆ రోజు తర్వాత రిటైరయ్యే దాకా వాంగ్మూలం తెల్ల కాగితం మీదే మొదలుపెట్టాను. ముందు నా ప్రశ్న, దాని కింద వాళ్ళ జవాబు వాళ్ళ మాటల్లోనే. రాయవద్దన్నది రాయలేదు. దానివల్ల ప్రతి తనిఖీకి గంట ఎక్కువ పట్టింది. ఆ గంట తనిఖీలో భాగమే.