యూరియవ్వ

చెవిలో ఎవరో ఒకరి గొంతు వినిపిస్తూ ఉంటే మనిషి ఒంటరివాడు కాడని నేను నమ్మిన రోజులవి. ఎల్‌బీ నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో, ఒక మిఠాయి దుకాణం పైన, రైతులకు ఫోన్లో సలహాలిచ్చే చిన్న కంపెనీలో నా తొలి ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడేవాణ్ణి. చైతన్యపురిలో నా కిరాయి గదికి చేరాక మాత్రం, మర్నాడు మళ్ళీ హెడ్‌సెట్ పెట్టుకునేదాకా నోరు విప్పే పని ఉండేది కాదు. (ఆదివారమంతా మాట్లాడకపోవడం వల్ల సోమవారం మొదటి ఫోనుకు నా గొంతు నాకే కప్ప అరిచినట్టు వినిపించేది.) మాది కోస్తాలో ఒక పట్టణం. వరిని కంచంలో తప్ప దగ్గరగా చూసినవాణ్ణి కాదు. అయినా తెర మీద ఉన్నది చదువుతూ, "యూరియా ఎక్కువ వేస్తే తెగుళ్ళు పెరుగుతాయండీ, బావి నీళ్ళు పాడవుతాయండీ" అని నల్లగొండ రైతులకు ధీమాగా చెప్పేవాణ్ణి.

ఆ వానాకాలం యూరియాకు కటకట వచ్చిపడింది. తక్కువ వాడండని నేను చెబుతుంటే, అసలు దొరికితే కదా అని వాళ్ళు తిట్టేవాళ్ళు. తిట్టనిది ఒక్క ముసలావిడే. ఎరువులిచ్చే సొసైటీ ముందు వరుసలో తనకు బదులు చెప్పులు పెట్టి, గోడ నీడన కూర్చుని ఫోన్ చేసేది.

"యూరియా ఒచ్చిందా బిడ్డా?"

"మా దగ్గర యూరియా ఉండదు మామ్మగారూ. సలహా మాత్రమే ఇస్తాం."

"గట్లనా! మరి సలహా ఎకరానికి ఎన్ని బస్తాలు ఎయ్యాలె?"

ఆఫీసంతా పడీపడీ నవ్వి ఆవిడకు యూరియవ్వ అని పేరు పెట్టింది. అప్పట్నుంచి ఆవిడ ఫోన్ వస్తే నాకే కలిపేవారు. వరుస కదిలేదాకా చెబుతూనే ఉండేది: ముసలాయన పోయిన సంగతి, బర్రె ఈనిన సంగతి, ఇంట్లో తను, బర్రె తప్ప మూడో ప్రాణి లేని సంగతి. ఊరందరికీ యూరియా అందాలని కోరుకోవలసిన ఉద్యోగంలో ఉండి, ఈ ఒక్క అవ్వకు ఇంకొన్నాళ్ళు అందకపోతే బాగుండునని నాలో నేనే అనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ పైకి వచ్చి, "సార్, మీ అవ్వొచ్చింది" అన్నాడు. దిగి చూస్తే పొట్టి మనిషి, కళ్ళకు నల్లద్దాలు, చంకలో మడిచిన ఖాళీ బస్తా. దిల్‌సుఖ్‌నగర్‌లో కంటి దవాఖానకు వచ్చి, ఎప్పుడో ఫోన్లో నేను చెప్పిన మిఠాయి దుకాణం గుర్తుపెట్టుకుని వాకబు చేసుకుంటూ వచ్చేసింది.

"గొంతు ఇని లావుగుంటవనుకున్న. గిట్ల ఎండిపోయినవేంది కొడుకా? నీకే ఎయ్యాలె యూరియా!"

ఆఫీసులో సరుకు లేదంటే నమ్మలేదు. పైకి తీసుకెళితే బల్లల కింద కూడా వంగి చూసింది. చివరికి రోడ్డు మీద పూలమొక్కలు అమ్మే దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడ కుండీల కోసమని అమ్మే చిన్న యూరియా ప్యాకెట్ ఒకటి దొరికింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"గిది పొలానికా, పోపుకా?"

దుకాణదారు నవ్వాడు, నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ప్యాకెట్‌ను మెల్లగా బల్ల మీద పెట్టేసి, "పచ్చగుండాల్సిన పొలం ఎర్రబడుతున్నది బిడ్డా" అంది.

మెస్‌లో భోజనానికి కూర్చున్నాం. ఓదార్చడం చేతగాక నాకు వచ్చిన ఒకే ఒక్క పాఠం ఎత్తుకున్నాను, బావి నీళ్ళు పాడవుతాయని.

"ఎరుకే. మా బాయి నీళ్ళు పసిపిల్లలకు తాపొద్దన్నరు. డబ్బా నీళ్ళే తాపుతున్రు. గని ఎయ్యకుంటే పండదాయె. గీ అన్నం యాడికెల్లి ఒస్తది?"

తలొంచుకుని పప్పు కలుపుకున్నాను. ఆవిడ తన అప్పడం తీసి నా కంచంలో వేసింది. ఆ నగరానికి వచ్చాక ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండగా అన్నం తినడం అదే మొదటిసారని అప్పుడు తట్టింది. నీళ్ళ గ్లాసు అందుకున్నాను. (పప్పులో కారం ఎక్కువైందని చెప్పాను.)

నల్లగొండ బస్సు ఎక్కిస్తుంటే కండక్టర్ నన్ను చూసి, "మనుమడా అవ్వా?" అని అడిగాడు. నేను నవ్వు మొహం సిద్ధం చేసుకున్నాను.

"కాదు, యూరియా ఆఫీసాయన. మంచోడే, గని సరుకు లేదు."

కొన్నాళ్ళకు ఊళ్ళకు లారీలు వెళ్ళాయి. ఆవిడ ఫోన్లు ఆగిపోయాయి. ఉండబట్టలేక నేనే చేశాను.

"ఒచ్చింది బిడ్డా, ఒచ్చింది! పొలంల చల్లిపిస్తున్న, మళ్ళ మాట్లాడత!" అని అరిచి పెట్టేసింది. ఆవిడ మళ్ళీ ఫోన్ చేయలేదు.

పొలం గట్టెక్కిందన్న ఆనందంలో ఉన్న మనిషి మీద, హెడ్‌సెట్ పక్కన పడేసి ఆ మధ్యాహ్నమంతా అలిగి కూర్చున్న ఆ బక్క కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వయ్యాక, వెళ్ళి వాడి పక్కన కూర్చుని ఏదో ఒకటి కాసేపు మాట్లాడాలనిపిస్తుంది.