మా బావకొచ్చిన జవాబులు

పాఠక మహాశయులకు సాష్టాంగ నమస్కారం చేసి ముందే క్షమాపణ కోరుతున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కన్నీరు కార్చాలి. నేను కుళ్లుకోబోతున్నాను. మెదక్‌లో సైన్సు చెప్పే మా బావ, అంటే మా అక్క మొగుడు, పోయిన నెలలో పోయాడు. బడి చప్రాసీ సైకిలు మీద వచ్చి చెప్పాడు: "సారు బోర్డు మీద బొమ్మ గీసి కుర్సీల కూసున్నడు. మల్ల లేవలే." పోవడంలో కూడా ఎవరికీ శ్రమ ఇవ్వలేదు. అందులోనూ నాకు అసూయే.

మా ఇద్దరికీ ఒకటే పిచ్చి. వాల్వులతో సొంతంగా రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టి, మీటతో టిక్కుటిక్కుమని మోర్సు సంకేతాలు కొట్టి, ముఖం తెలియని వాళ్లతో మాట్లాడటం. లైసెన్సు పరీక్ష కలిసే రాశాం. సికింద్రాబాదు పాత సామాన్ల బజారులో మిలిటరీ వాల్వులు కలిసే బేరమాడాం. ఇద్దరిదీ బీయెస్సీ ఫిజిక్సే. నాకు ఫస్టు క్లాసు, బావకు సెకండు. ఈ సంగతి ఎవరూ అడగకుండానే చెబుతుంటాను.

నా సెట్టు ఒక్క ఆదివారంలో తయారైంది. బావ ఎండాకాలంలో మొదలుపెడితే అయ్యేసరికి వానలు పడ్డాయి. తీగ చుట్టడానికి వెదురు బొంగు తెచ్చి ఎండబెట్టాడు. దానికి చెమ్మ పట్టకూడదట. చర్చి దగ్గర మిగిలిపోయిన కొవ్వొత్తులు అడిగి తెచ్చి, కరిగించి, బొంగును అందులో ఉడకబెట్టాడు.

"ఏందయ్యా, పప్పు గిన్నెల మైనం కాస్తరా ఎవరన్నా!" అని అరిచింది అక్క.

"జరా ఆగవే, అయినంక తోమిస్త."

"ఎవలతోని?"

బావ నావైపు చూశాడు. తోమాను. వారం దాకా మా పప్పు క్రిస్మస్ వాసన వేసింది.

సెట్టు తయారయ్యాక కూడా మీట ముట్టకుండా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ కూర్చునేవాడు.

"కొట్టు బావా! ఎవలికోసం ఆగుతున్నవ్?"

"ఎవలో మాట్లాడుతున్నరు రా బామ్మర్దీ. వాళ్ల మాట కానియ్."

అన్నిటికీ అదే మాట. బడిలో పిల్లలు కొట్లాడుకున్నా, ఇంట్లో అక్క తిట్టినా "కానియ్" అని చివరిదాకా వినేవాడు.

ఫలితం? కొలంబో నుంచి, రంగూన్ నుంచి 'నీ పిలుపు అందింది' అంటూ కార్డులు వచ్చిపడ్డాయి. గోడ నిండిపోయింది. నాకు ఒక్కటి రాలేదు. నా సెట్టు చప్పుడు పిట్ట కూతలా వంకర్లు పోయేది. "నా సెట్టు మీద కొట్టరాదూ," అనేవాడు బావ. ఛస్తే కొట్టనన్నాను. నేను కట్టిన సెట్టుకు, నా పేరుకు జవాబు రావాలి. ఒక్కటి చాలు. దానికోసం మూడు సార్లు తీగ విప్పి చుట్టాను.

బావ పోయాక కూడా కార్డులు ఆగలేదు. ఓడల్లో నిదానంగా వస్తాయి కదా. పోయినవాడికి జవాబులు, బతికున్నవాడికి మౌనం! ఇంతకన్నా అన్యాయం ఉంటే చెప్పండి.

మొన్న మధ్యాహ్నం అక్క పిలిచింది. "మీ బావ సెట్టు మీద దుమ్ము పడుతున్నది రా. నడుస్తదో లేదో ఒకసారి చూడు."

బావ కుర్చీలో కూర్చున్నాను. వాల్వులు ఎర్రబడ్డాయి. నా లైసెన్సు గుర్తుతోనే, అంటే సర్కారు నాకిచ్చిన అక్షరాలతోనే, పిలిచాను. మద్రాసు నుంచి ఎవరో వెంటనే అందుకున్నారు. అందుకున్నది నన్ను! పిలుపు చక్కగా వినిపిస్తోంది, నీ పేరేమిటి అని అడిగారు.

ఆ రోజు నేను బావకు ఆకాశంలో ఘనంగా వీడ్కోలు పలికానని ఊళ్లో చెప్పుకుంటున్నారట. అదంతా అబద్ధం. నేను చేసింది ఒక్కటే. ఇన్నేళ్లు కొట్టడానికి దాచుకున్న నా పేరు కొట్టలేదు. బావ గుర్తు కొట్టి, ఆయన పోయారని చెప్పి, 'నేను ఆయన భార్య తమ్ముణ్ణి' అని కొట్టాను.

మీట వదిలాను; హెడ్‌ఫోన్లలో గాలి హోరు.

"ఏమంటున్నడు రా?" అంది అక్క.

హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకు పెట్టాను. అక్కకు మోర్సు రాదు. అయినా రెండు చేతులతో వాటిని అదిమి పట్టుకుని, ఆ గాలి హోరును ఎవరో మాట్లాడుతున్నట్టే వింటూ కూర్చుంది.