అనంతగిరిలో తాత మందుల పుస్తకానికి నకలు

మా తాత చేత్తో రాసుకున్న చెట్టుమందుల పుస్తకం ముట్టుకుంటే పొడి రాలుతోంది. విశాఖలో జిరాక్స్ షాపువాడు "ఇది తెరిస్తే మీకు పుస్తకం ఉండదు, నాకు మిషను ఉండదు" అని చేతులెత్తేశాడు. ఇంకో వానాకాలం దాటదని తేలిపోయింది. అనంతగిరి దగ్గర బుద్రి అనే ఆవిడ పాత పుస్తకాలకూ పటాలకూ చేత్తో నకళ్లు తీస్తుందని కాఫీ గింజలు కొనే మిత్రుడొకడు చెప్పాడు. ఎనిమిదో తరగతితో చదువుకు దండం పెట్టినవాణ్ని, నా బుద్ధి ఊరుకుంటుందా? ఆవిడ పనితనమేమిటో చూద్దామని ముందురోజు ఓ ఖాళీ చోట అచ్చం తాత రాతలో ఒక మందు రాశాను: "నోటి దురుసుకు వేపచిగురు, మూడు పూటలు." పైన టీ డికాషన్ పూసి ఆరబెట్టాను. మా ఆవిడ కూడా కనిపెట్టలేదు.

ఉదయం ఆరింటికి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో అరకు బస్సెక్కాను. ఎస్.కోట దాటాక మలుపులే మలుపులు. ఇడ్లీలు కొండెక్కాక తినండి, లేకపోతే కిటికీ పక్కవాడికి పంచుతారు. తొమ్మిదిన్నరకు అనంతగిరిలో దిగి, రానూపోనూ మూడొందలకు ఆటో మాట్లాడుకున్నాను. "పురుగు కన్నాలకి కూడా నకలు తీత్తాది బాబూ ఆవిడ, అదేటి పిచ్చో!" అన్నాడు డ్రైవరు.

బుద్రి అప్పకు అరవై దాటి ఉంటాయి. తండ్రి సర్వే పటాలకు నకళ్లు తీసేవాడట, ఆయన దగ్గరే నేర్చుకుంది. కరక్కాయలు, ఇనపముక్కలు నానబెట్టి సిరా తనే కాస్తుంది. గోడమీద ఓ పాత ఊరి పటానికి నకలుంది. అసలు పటం మీది నూనె మరక, చిరుగు కూడా అందులో దిగాయి.

"చిరుగు సరిచేసి గీయొచ్చుగా అప్పా?"

"సిరుగూ పటంలోదే కదా బాబూ. నానేటి దర్జీనా?"

నా పుస్తకం తీసుకుని వెలుగుకు పట్టి ఒక్కో పేజీ తిప్పింది. నా మందు దగ్గర ఆగింది.

"ఇది మీ తాత రాయలేదు."

"అదే రాత కదా అప్పా!"

"మిగతా సోట్ల పురుగు అచ్చరాన్ని తినేసింది. ఇక్కడ అచ్చరమే కన్నాన్ని తప్పుకుని పోయింది. కన్నం పడ్డాక రాసినావు."

నా మొహం చూడాల్సింది. ఆవిడ పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టేసింది. "ఇది మందుల పుస్తకం. రేపు ఎవరింటి పిల్లగుంటకో జొరమొత్తే ఇది సూసే నూరి పోత్తారు. ఇంకెన్ని రాసినావు? బేగి సెప్పు."

"ఒక్కటే అప్పా, ఒట్టు."

"నీ ఒట్టు నాకెందుకు? కన్నాలే సెప్తాయి."

పుస్తకం మళ్లీ లాక్కుని మొదటి పేజీ నుంచి ప్రతి కన్నమూ చూసింది. రెండు గంటలు. ఆవిడ పొమ్మంటే తాత చేతిరాత ఈ పుస్తకంతోనే పోయినట్టు. చివరికి "ఒక్కటే. ఇరవై రోజులాగి రా" అంది.

వెళ్లాను. తాత ఒత్తి రాసిన చోట ఒత్తుగా, చెయ్యి వణికిన చోట వణుకుతూ దిగింది రాత. కన్నాల చుట్టూ సన్నటి గీత. నా వేపచిగురు చోట మాత్రం తెల్లకాగితం. అసలు పుస్తకంలో నా అబద్ధం ఉంది, ఎంత తుడిచినా పోదు. నకల్లో లేదు. ఇకమీద తాత పుస్తకం ఏదని ఎవరడిగినా, నేను చూపించాల్సింది బుద్రి అప్ప రాసిందే.

మీరూ వెళ్లేటట్టయితే, పుస్తకాన్ని రెండు అట్టల మధ్య పెట్టి నూలుగుడ్డలో కట్టుకెళ్లండి. టేపు అంటించకండి, పెన్ను పెట్టకండి. పురుగు తిన్నది తిన్నట్టే ఉండనివ్వండి.