లోపలివైపు తిరిగిన బూట్లు

మా సరిహద్దు ఊరు బిహాచ్‌లో జుమ్రా నోటికి జడవనివాళ్ళు లేరు. బట్టలు బాగుచేసే మనిషి. ప్యాంటు జిప్పు వేయించుకుందామని వెళ్తే ముందు పొట్ట తగ్గించుకో అంటుంది. నాకూ చెప్పింది.

బోస్నియా యుద్ధం మొదలైన ఏడాది ఆమెకు ఎనిమిదేళ్ళు. సైనికులు వాళ్ళ ఊరి ముస్లింలందర్నీ ఇళ్ళలోంచి తరిమేశారు. తండ్రిని దారిలో బస్సు దించి తీసుకుపోయారు, మళ్ళీ రాలేదు. తల్లీ కూతుళ్ళు కొండ దాటి ట్రావ్నిక్ పట్నం చేరితే హతిజా అనే ముసలావిడ తలుపు తీసింది.

మాలో అతిథి లోపల కూర్చోగానే అతని బూట్లు వాకిలివైపు తిప్పి పెడతాం, వెళ్ళేటప్పుడు సులువుగా తొడుక్కోవాలని. మర్నాడు జుమ్రా చూస్తే తమ బూట్లు లోపలివైపే ఉన్నాయి. తిప్పబోయింది.

"వదిలెయ్యి తల్లీ, మీరెక్కడికీ వెళ్ళట్లేదుగా" అంది హతిజా. రెండేళ్ళు ఉంచుకుంది.

పోయిన చలికాలం, సరిహద్దు దాటి పక్క దేశంలోకి వెళ్ళబోతే పోలీసులు వెనక్కి తోసేసిన ఆఫ్ఘన్లు మా వీధిలోని పాత బడిలో తలదాచుకున్నారు. వాళ్ళని ఖాళీ చేయించాలని పొరుగింటి రెఫిక్ ఒక కాగితం రాసి సంతకాలు పోగుచేశాడు. బయట మోకాలి లోతు మంచు. అయినా నేను సంతకం పెట్టాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆఖరి ఇల్లు జుమ్రాది. నేనూ రెఫిక్ వెంట వెళ్ళాను. గుమ్మం దగ్గర ఓ ఆడమనిషి బూట్లు, ఓ పసిపిల్లవి, తడిసి ముద్దయి, లోపలివైపు తిరిగి ఉన్నాయి.

"ఏంటక్కా, మర్యాద మర్చిపోయావా? అతిథుల బూట్లు తిప్పలేదే!" నవ్వాడు రెఫిక్.

"అతిథులైతే తిప్పేదాన్ని. కూర్చోండి, కాఫీ పెడతా."

కాఫీ ఇచ్చింది. కాగితం ముట్టుకోలేదు.

"మీ మేడమీది గది ఖాళీయేగా రెఫిక్? మీ అత్తగారి కోసం దాచావా? నాకు ఒక్కరు తలుపు తీశారు కాబట్టి ఇలా తిడుతూ బతికున్నాను. ఆ బడిలో ఇంకా పదకొండు మంది పిల్లలున్నారు. నా ఇల్లొక్కటే సరిపోదురా" అంది. ఆ చివరి మాటలో తిట్టు లేదు. జుమ్రా అడుక్కున్నట్టు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

రెఫిక్ కాగితం మడిచి లేచాడు. నేనూ లేచాను.

గుమ్మం దగ్గర మా ఇద్దరి బూట్లూ వాకిలివైపు తిప్పి ఉన్నాయి. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కుతున్నాను, ఎప్పుడూ నా బూట్లు తిప్పలేదామె.

"ఆ కాగితం ఇటివ్వు" అన్నాను రెఫిక్‌తో. అక్కడే నా పేరు కొట్టేశాను. బూట్లు లోపలివైపు తిప్పి పెట్టి, బడికి ఎన్ని దుప్పట్లు కావాలో అడగడానికి మళ్ళీ లోపలికి వెళ్ళాను.