కళ్ళు తెరవండి బాబూ

అతని కళ్ళు పుట్టుకతోనే సగం మూసుకుని ఉండేవి. రెప్పలు బరువు, అంతే. లోపల మనిషి నిక్షేపంగా మేలుకునే ఉంటాడు. ఆ ముక్క లోకాన్ని నమ్మించలేక నలభై దాటేసరికి అలిసిపోయాడు పాపం. చిన్నప్పుడు బడిలో మేష్టారు గురి చూసి సుద్దముక్క విసిరేవాడు. పెళ్ళినాడు ఫోటోగ్రాఫరు "కళ్ళు తెరవండి బాబూ, కళ్ళు తెరవండి!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. చివరికి ఇతను పళ్ళ బిగువున రెప్పలు పైకెత్తాడు. ఆ ఫోటో ఇంట్లో గోడకి ఇప్పటికీ ఉంది. అందులో పెళ్ళికూతురు నవ్వుతూ ఉంటుంది. పెళ్ళికొడుకు, ఎవరో ఇల్లు దోచుకుపోతుంటే గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టు ఉంటాడు. ఆనాటి నుంచీ ఎవరు కెమెరా ఎత్తినా చాలు, ఇతని కళ్ళు వాటంతటవే గుడ్లగూబ కళ్ళయిపోతాయి.

బేకరీలో తోటివాళ్ళు అతన్ని కునుకు అని పిలుస్తారు. "ఏరా కునుకూ, లేచావా?" అంటారు, తెల్లారకముందే వ్యాను కడుగుతున్నవాడిని పట్టుకుని. అతను నవ్వి ఊరుకుంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. ట్రేలనిండా బ్రెడ్డు ఎక్కించుకుని ఊరంతా తిరిగి, దుకాణాల ముందు దించి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తాడు. ఇన్నేళ్ళలో వ్యానుకి ఒక్క గీత పడలేదు. వెనకనుంచి వేడి బ్రెడ్డు వాసన వస్తుంటే ఖాళీ రోడ్డు మీద ఒక్కడూ పోవడం ఉంది చూశారూ, అది అతనికి ప్రాణం. ఆ సీటు తప్ప బతుకులో ఇంకేదీ తనదని అనిపించలేదు అతనికి.

ఆ సీటు ఎదురుగా ఒకరోజు కెమెరా బిగించారు.

డ్రైవరు కునికితే కనిపెట్టే కెమెరా అట. కన్ను మూతపడితే బీప్ మంటుంది. ఆ వెంటనే ఒక ఆడగొంతు తియ్యగా "మీరు అలసిపోయారు, దయచేసి విశ్రాంతి తీసుకోండి" అంటుంది. అంటూనే ఆఫీసుకి ఫిర్యాదు పంపిస్తుంది. ఇలాంటి పలకరింపు ఎక్కడైనా ఉందా? పడుకో నాయనా అంటూనే, ఇదిగో వీడు పడుకున్నాడు అని చాడీ చెప్పడం!

మిగతా డ్రైవర్లకి ఎప్పుడో ఒకసారి బీప్ మంటే, ఇతనికి సందు మలుపుకీ బీప్, సిగ్నలు దగ్గరా బీప్. ఎదురుగా లారీ వస్తుంటే, ప్రాణాలు ఉగ్గబట్టుకుని పక్కకి తీస్తుంటే, అప్పుడు కూడా బీప్. "నేను మేలుకునే ఉన్నానే తల్లీ!" అని కెమెరా మీద అరిచాడు ఒకసారి. అరుపులు కూడా రికార్డవుతాయని తరవాత తెలిసింది.

డిపో సూపర్‌వైజరు చిన్నపిల్ల, మంచిదే. పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. "అన్నా, మీ డ్రైవింగు సంగతి నాకు తెలుసు. కానీ పైవాళ్ళకి మీరు తెలీదు కదా, ఫిర్యాదులే తెలుసు. నెలాఖరులోగా ఇవి తగ్గకపోతే వ్యాను ఇంకొకరికి ఇచ్చి మిమ్మల్ని లోపల లోడింగులో వెయ్యమన్నారు. నా చేతుల్లో లేదు."

"నా కళ్ళే ఇంత మేడమ్."

"అది మిషనుకి ఎలా చెప్పమంటారు?"

లోపల లోడింగంటే పొయ్యిల పక్కన, కిటికీ లేని హాల్లో, రోజంతా ట్రేలు మోయడం. ఆరోజు నుంచి కళ్ళు పెద్దవి చేసుకుని నడపడం మొదలుపెట్టాడు. నుదురు ముడతలు పడేలా రెప్పలు ఎత్తి పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ. తుడుచుకుంటే బీప్. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టేది కాదు. పట్టీపట్టగానే చెవుల్లో ఆ ఆడగొంతు వినిపించేది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, అంతవరకూ లేని కునుకు ఇప్పుడు నిజంగానే స్టీరింగు దగ్గర ముంచుకు రాసాగింది. అతనికి భయం వేసింది, నిజంగా భయం.

ఇల్లయినా కాస్త ఊపిరి పీల్చుకునేలా ఉందా అంటే, అదీ లేదు. ఫోనులో టార్చిలైటు వేద్దామని ఏదో యాప్ దించుకుంటే, "మీ స్నేహితుల నంబర్లు చూడవచ్చా?" అని అడిగింది. టార్చిలైటుకి స్నేహితులెందుకండీ! బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు! బావమరిది ప్రేమగా కొనిచ్చిన కొత్త టీవీ అయితే, ఆన్ చేయగానే ఒప్పందం ఒకటి చూపించి, ఒప్పుకుంటేనే బొమ్మ వేస్తానని భీష్మించుకు కూర్చుంది. "ఒప్పేసుకో బావా, అందరూ ఒప్పుకునేదే, ఎవడు చదువుతాడు?" అన్నాడు బావమరిది. ఒప్పుకున్నాడు. ఆలుమగలు ఒకరోజు దాని ముందు కూర్చుని పరుపు గట్టిపడిందని మాట్లాడుకున్నారు. మర్నాటి నుంచీ ఆ టీవీ నిండా పరుపుల ప్రకటనలే. అతని భార్య దాని మీద దుప్పటి కప్పేసింది.

"పరాయి మగాడు కూర్చున్నట్టుందండీ ఇంట్లో," అంది.

అందుకే ఇద్దరికీ వెనకగది ఇష్టం. అక్కడ స్టూలు మీద పాత టీవీ ఉంది, వీపు పెద్దది, తలమీద కొడితేగాని రంగులు రావు. దానికి తగిలించిన గేమ్ డబ్బా ఇంకా పాతది. పెళ్ళికి ముందు, కుర్రతనంలో కొనుక్కున్నాడు. దాన్లో ఉన్నది ఒకటే ఆట. బొద్దుగా ఉన్న ఒక కప్ప, దీవి మీంచి దీవికి గెంతుతూ ఆరిపోయిన లాంతర్లు వెలిగిస్తుంది. చేతిలో పట్టుకునే రిమోట్టు మధ్యలో చిన్న పిడి ఉంటుంది, దాన్ని ఎటు తోస్తే కప్ప అటు వెళుతుంది. అంతే ఆట. స్విచ్చి వేస్తే మొదలవుతుంది. నువ్వెవరు, నీ పుట్టినరోజెప్పుడు, నీ స్నేహితులెవరు అని అడగదు. ఓడిపోతే మళ్ళీ ఆడమంటుంది, గెలిస్తే ఒక పాట పాడుతుంది. ఆ పాట అతనికి నోటికొచ్చు. భార్యకి ఆటే వచ్చు, అతనికంటే బాగా. బట్టలు కుట్టీ కుట్టీ ఆరితేరిన వేళ్ళు ఆవిడవి.

నెలాఖరు దగ్గరపడింది. ఆవేళ మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా వెనకగదిలో చాప మీద కూలబడ్డాడు. కుట్టుమిషను వదిలి ఆవిడా వచ్చి కూర్చుంది. మంచినీళ్ళిచ్చింది.

"ఒక ఆట ఆడదాం రండి," అని రిమోట్టు చేతిలోకి తీసుకుని, రెండో చేత్తో స్విచ్చి వేసింది.

కప్ప వచ్చింది. వచ్చిందేగాని, ఎవరూ ఏమీ తొయ్యకుండానే ఎడమవైపుకి నడుచుకుంటూ పోయి నీళ్ళల్లో పడింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయి పడింది.

"ఇదేం రోగమండీ దీనికి? నేను ముట్టుకోనైనా లేదు!"

"ముట్టుకున్నావు," అన్నాడు అతను, గోడకి జారగిలబడే. "స్విచ్చి వేసేటప్పుడు నీ బొటనవేలు పిడి మీద ఉంది. ఈ డబ్బా లేస్తూనే పిడి ఎక్కడుంటే అదే మధ్య అనుకుంటుంది, పిచ్చిముండ. నువ్వు పక్కకి నొక్కి పట్టుకున్నావు, దానికి అదే మధ్య. ఇప్పుడు నువ్వు వదిలేస్తే, తిన్నగా ఉన్న పిడిని వంకర అనుకుంటోంది. ఆపెయ్. చెయ్యి తీసేసి మళ్ళీ వెయ్యి, దార్లో పడుతుంది."

ఆవిడ ఆపింది. ఆపిందిగాని మళ్ళీ వెయ్యలేదు. మెడ తిప్పి భర్త వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఏమండీ, ఆ కెమెరా పెట్టిన రోజున మిమ్మల్ని దాని ముందు కూర్చోబెట్టారా?"

"ఆఁ. మొహం గుర్తుపెట్టుకుంటుందన్నారు. ఇటు చూడండి అన్నారు, చూశాను."

"ఎలా చూశారు?"

"ఎలా చూస్తానే, కెమెరా కదా..." అంటూ చూపించబోయాడు. రెప్పలు పైకి లేచాయి, నుదురు ముడుచుకుంది, గుడ్లు బయటికొచ్చాయి. అదే పెళ్ళిఫోటో మొహం. ఆ మొహంతోనే ఆగిపోయాడు.

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వొచ్చింది ఆవిడకి, వెంటనే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "అది మీ మామూలు మొహం అనుకుందండీ. ఇన్నాళ్ళూ అదే అనుకుంటోంది!"

మర్నాడు డ్యూటీ ఎక్కకముందే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాడు. కప్ప సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పేశాడు. ఆ పిల్ల నవ్వలేదు. ఫోనులో ఏవేవో నొక్కి చూసి, "పాతది తీసేసి మళ్ళీ మొహం చూపించొచ్చు అన్నా. రండి," అని వ్యాను దగ్గరికి వచ్చింది. అతను తన సీట్లో కూర్చున్నాడు. ఆమె పక్కసీట్లో కూర్చుంది.

"మామూలుగా కూర్చోండి. ఇటు చూడండి."

చూశాడు. రెప్పలు లేచి కూర్చున్నాయి.

"అన్నా, తెరిచేశారు."

"అయ్యో, సారీ మేడమ్."

మళ్ళీ మొదలు. మళ్ళీ తెరిచాడు. వద్దు వద్దనుకుంటుంటేనే కళ్ళు ఇంతింతవుతున్నాయి. చేతులు స్టీరింగుని బిగించి పట్టుకున్నాయి. ఎదురుగా ఆ గాజుకన్ను కాచుక్కూర్చుంది. ఇన్నేళ్ళ బతుకులో 'ఏం చెయ్యకు, ఉన్నట్టుండు' అని అతనితో ఎవరూ అనలేదు. ఎలా ఉండాలో తెలియడం లేదు. ఈసారీ తప్పితే సీటు పోయినట్టే అనుకునేసరికి ఏడుపొచ్చింది.

అప్పుడు భార్య మాట గుర్తొచ్చింది. పొద్దున్న గుమ్మం దగ్గర అంది, "చెయ్యి తీసేసి వెయ్యండి," అని.

స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక్కి వాలాడు. భుజాలు దిగాయి. నుదుటి మీద ఇన్నాళ్ళుగా మోస్తున్న బరువేదో కిందకి జారింది. బుగ్గలు జారాయి, మూతి జారింది, రెప్పలు వాటి పాత చోటికి వచ్చేశాయి. ఫోను టిక్కుమంది.

"అయింది," అంది ఆ పిల్ల. అని, ఫోనులో పడిన బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "అన్నా, రోజూ ఇలాగే ఉంటారా మీరు? ఇంత అలసిపోయి?"

"ఇంతేనమ్మా," అన్నాడు. మేడమ్ అనడం మరిచిపోయాడు.

ఆవేళ ఊరంతా తిరిగాడు. సందు మలుపు వచ్చింది, సిగ్నలు వచ్చింది, లారీలు ఎదురొచ్చాయి. కెమెరా కిమ్మనలేదు. ప్రతి మలుపు దగ్గరా మెడ బిగబట్టి ఎదురుచూశాడు పిచ్చిమనిషి. ఆఖరి దుకాణం ముందు ఖాళీ ట్రేలు ఎక్కించుకున్నాక, వెనక తలుపు వేసి, ఆ తలుపుకి తల ఆనించుకుని నిలబడ్డాడు. సీటు దక్కింది. ఆనందంగా ఉంది. కానీ ఎగిరి గంతెయ్యడానికి ఓపిక లేదు. పైపెచ్చు డిపోలో అప్పుడే ఇంకో కబురు తిరుగుతోంది. వచ్చే ఏడాది స్టీరింగులోనే ఏదో పెడతారట, డ్రైవరు నాడి చూస్తుందట. చూస్తే చూడనీ, దాని మొహం మండ.

ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. జరిగిందంతా భార్యకి చెప్పాడు, ఆ పిల్ల అడిగిన ప్రశ్న తప్ప. ఆవిడకి సంతోషం పట్టలేదు. "ఈవేళ మీరే ఆడండి, పాట వచ్చేదాకా ఆడండి," అని రిమోట్టు అతని ఒళ్ళో పెట్టి, పిడి మీద ఎవరి చెయ్యీ లేదని చూసుకుని మరీ స్విచ్చి వేసింది. కుట్టాల్సిన జాకెట్టు ఉందని ముందుగదిలోకి వెళ్ళింది.

కాసేపటికి వెనకగదిలోంచి చప్పుడేమీ రావడం లేదని వచ్చి చూసింది. టీవీలో కప్ప మొదటి దీవి మీద నిలబడి ఉంది, ఎటూ కదలకుండా. దాని ముందు చాప మీద, రిమోట్టు ఒళ్ళోనే పెట్టుకుని, అతను నిద్రపోతున్నాడు. ఎన్ని రోజులైందో అతను అలా పడుకుని. కళ్ళు మేలుకున్నప్పుడు ఎంత మూసుకుని ఉంటాయో ఇప్పుడూ ఇంచుమించు అంతే, కొద్దిగా ఎక్కువ. ఆ కొద్ది తేడా ఈ భూమ్మీద ఆవిడొక్కదానికే తెలుసు.

టీవీ ఆపబోయి, ఆ చప్పుడుకి లేస్తాడేమోనని మానేసింది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. కప్ప అక్కడే నిలబడి ఉంది, అతను లేచేదాకా.